ఏటి పక్క 88 చెట్లు: కథ చెప్పేవాడిని ఎంతవరకు నమ్మాలి?

తిరుపతి క్షవరం అనే మాట తెలుగువాళ్లందరికీ తెలుసు. వెనకటి రోజుల్లో కొండకు వచ్చిన భక్తుడి తల మీద క్షురకుడు ఒక గీత గొరిగి వదిలేసేవాడట. సగం గుండుతో ఎక్కడికీ పోలేడు కాబట్టి ఆ మనిషి అక్కడే కూర్చుంటాడు, ఈలోగా క్షురకుడు ఇంకో తల పట్టుకుంటాడు. మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఏ పనికైనా అలా ఆ పేరు స్థిరపడింది. కథల్లో కొందరు ‘నేను’లు ఇదే పని చేస్తారు. ఒక సంగతి ఎత్తుతారు, అది నొప్పి పుట్టే చోటికి రాగానే వదిలేసి ఎండ గురించో భోజనాల గురించో మాట్లాడతారు. తల సగమే గొరిగి ఉందని చదివేవాళ్లకు వెంటనే తెలియదు. తెలిసేలోపు కథ ఇంకో తల దగ్గర ఉంటుంది.

ఇలా కథ చెప్పేవాళ్లకు అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ‘ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్’ అనే పుస్తకంలో ‘అన్‌రిలయబుల్ నెరేటర్’ అని పేరు పెట్టాడు. పేరు అప్పటిదే గానీ సరుకు చాలా పాతది. మన విమర్శలో ‘నమ్మలేని కథకుడు’ అంటున్నారు. ఈ మాటతో ఒక చిక్కు ఉంది. తెలుగులో కథకుడంటే మామూలుగా కథ రాసినవాడు. కథ లోపల నిలబడి ‘నేను’ అంటూ చెప్పేవాడికి వేరే మాట జనం నోట్లో లేదు. అందుకే కాబోలు, ఉత్తమ పురుషలో కథ వచ్చిందంటే చాలు, రచయిత ఏ సభలో కనబడినా ముందుగా వచ్చే ప్రశ్న ‘ఇది మీ సొంత అనుభవమేనా?’ అని. ఆ ప్రశ్నలో తప్పు లేదు గానీ, రాసినవాడూ చెప్పేవాడూ ఒకడే అనుకున్నాక చెప్పేవాడిని అనుమానించడం కష్టమైపోతుంది. ఈ వ్యాసంలో కథకుడు అంటే కథ లోపల ఉండి చెప్పే మనిషి మాత్రమే.

నాటకంలో ఈ బాధ లేదు. గిరీశం ఎన్ని కోతలు కోసినా పక్కనే ఇంకో పాత్ర నిలబడి ఉంటుంది, దాని మొహం ప్రేక్షకుడికి కనిపిస్తుంది. ఉత్తమ పురుష కథలో పక్కవాళ్లను కూడా చూపించేది ఆ ఒక్క మనిషే. ఒక పక్షమే హాజరైన పంచాయితీ లాంటిది అది. రెండో పక్షం ఏమనేదో విన్నవాళ్లే ఊహించుకోవాలి, అదీ మొదటి పక్షం మాటల్లోంచే.

సిద్ధాంతం కంటే ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వింటే ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. బంగారుపాళెం దగ్గర పల్లెలో పుట్టి, తిరుపతిలో స్థిరపడిన రిటైర్డ్ బస్సు కండక్టరు ఒకాయన తమ్ముడితో తోపు పంచుకున్న సంగతి ఇలా చెబుతున్నాడనుకుందాం. మనిషీ మాటలూ ఈ వ్యాసం కోసం కల్పించినవి.

“మా నాయిన పోయినాక తోపు పంపకాలు వచ్చినాయి. నాకు భూమి మీద ఎప్పుడూ ఆశ లేదు. మొత్తం 182 చెట్లు. రోడ్డు పక్క 94, ఏటి పక్క 88. బోరు రోడ్డు పక్కే ఉంది, దాన్ని వేయించింది నేనే, నా జీతం మీద లోను పెట్టి. అబ్బోడికి ఏటి పక్కది వచ్చింది. వాడికి చిన్నప్పటినుంచీ ఏరంటే ఇష్టం. పెద్దమనుషులు ముగ్గురు కూర్చున్నారు, భోజనాలు మా ఇంట్లోనే, కోడి కోసినాం. కాగితం రాసేటప్పుడు అమ్మ బయట అరుగు మీద ఉండింది. ఆమెకు ఎండ పడదు. లోపలికి రమ్మన్నా రాలేదు. సంతకాలైపోయినాయి. సాయంత్రం వాడు మా ఇంటి ముందునుంచే బస్టాపుకు పోయినాడు, తలెత్తి చూడలేదు. నేనేమీ అనుకోలేదు. ఇప్పుడు ఆయన బెంగుళూరులో సెక్యూరిటీ పని చేస్తున్నాడంట. పండక్కి రమ్మని మనం ఎన్నిసార్లు చెప్పినా వినే రకం కాదు. మొన్న మండీ నుంచి వస్తా ఏటి పక్క కాసేపు నిలబడినా. 81 ఉన్నాయి. ఒకరి తోపులో చెట్లు లెక్కపెట్టే అలవాటు నాకు లేదు.”

ఇందులో అబద్ధం అని వేలు పెట్టి చూపించగలిగిన వాక్యం ఏది? చివరిది ఒక్కటే. తక్కినవన్నీ నిజమే కావచ్చు. అయినా చదువుతూ ఉంటే ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది. ఎక్కడ గుచ్చుకుందో వెతకడమే ఈ రకం కథను చదవడం.

అడగని ప్రశ్నకు జవాబు వచ్చిన చోట మొదట ఆగాలి. తమ్ముడికి ఏటి పక్క భాగం ఎందుకిచ్చారని ఇక్కడ ఎవరూ అడగలేదు. ‘వాడికి చిన్నప్పటినుంచీ ఏరంటే ఇష్టం’ అని ఆయనే చెప్పాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడినైనా ఎవరో అడిగారు. మన కండక్టరు అడగకముందే గడ్డి కోసుకొచ్చాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ కనీసం దొంగ అనే మాట ఎవరో పైకి అన్నారు. ఇక్కడ ఆ మాట అన్నది ఆయన మనసే అయ్యుండాలి.

ఆ వాక్యంలో ఊరివాళ్లకు మాత్రమే తెలిసే సంగతి ఇంకొకటి ఉంది. చిత్తూరు పక్క నీవా గానీ, పలమనేరు వైపు కౌండిన్య గానీ, తిరుపతి దగ్గర స్వర్ణముఖి గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. గోదావరి పక్కన పెరిగిన పాఠకుడికి ‘ఏటి పక్క తోపు’ అనగానే నీళ్లు, చల్లగాలి కళ్ల ముందుకొస్తాయి, తమ్ముడి పని బాగుందనిపిస్తుంది. ఇక్కడివాళ్లకు ఏరంటే బోరు లేని చోటు. ఒకే వాక్యాన్ని ఒకరు ప్రేమగా చదువుతారు, ఇంకొకరు చురకగా చదువుతారు. కథకుడిని నమ్మాలా వద్దా అనేది కాగితం మీద ఎంత ఉంటుందో చదివేవాడి బుర్రలో ముందే ఉన్న లోకజ్ఞానంలోనూ అంతే ఉంటుంది.

ఆయన చెప్పకుండా వదిలింది కూడా ఊరివాళ్లే పట్టుకుంటారు. చెట్ల లెక్క ఒక్కటి కూడా తప్పకుండా చెప్పిన మనిషి ఏ కాయో చెప్పలేదు. చిత్తూరు జిల్లాలో మామిడి తోపు గురించి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్నే అది. తోతాపురి అయితే గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, ఫ్యాక్టరీ చెప్పిన రేటే రేటు. బేనీషా అయితే మండీలో తినేకాయగా అమ్ముడుపోతుంది, మామూలుగా రేటూ మెరుగ్గా ఉంటుంది. 94, 88 అనే లెక్క చూస్తే పంపకం దాదాపు సమానం. రోడ్డు పక్కది బేనీషా, ఏటి పక్కది తోతాపురి అయితే ఆ సమానం ఎక్కడికి పోతుంది? అలా ఉందని ఆయన చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. లెక్క ఎంత ఖచ్చితంగా ఉంటే పాఠకుడు అంత తొందరగా తలాడిస్తాడు, రకం అడగడం మర్చిపోతాడు.

అమ్మ దగ్గరికి వద్దాం. ఈ ముక్కలో అన్నిటికంటే బరువైన వాక్యాలు మూడూ ఆవిడవే. అరుగు మీద ఉండింది. ఎండ పడదు. రమ్మన్నా రాలేదు. ఎండ పడని మనిషి లోపలికి రమ్మన్నా రాకుండా ఎండలోనే కూర్చుంది. ‘అందుకని’, ‘అయినా’ లాంటి ముడి ఒక్కటి కూడా వెయ్యకుండా ఆయన ఆ మూడు వాక్యాలనూ విడివిడిగా పడేశాడు. చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు, అర్థం మాత్రం చెప్పుకోలేదు. తిరుపతి క్షవరం జరిగింది ఇక్కడే. తర్వాతి వాక్యం ‘సంతకాలైపోయినాయి’.

ఆ క్రియను ఇంకోసారి చూడాలి. సంతకాలు పెట్టించాను, పెట్టాము, పెట్టారు అని కాదు, అయిపోయినాయి. వాన కురిసినట్టు వాటంతటవే. తెలుగులో ఈ సౌకర్యం ఉంది: విరిచాను, విరిగింది. చించాను, చిరిగింది. పడేశాను, పడిపోయింది. చేసినవాడిని వాక్యంలోంచి తప్పించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, క్రియను కొంచెం మార్చుకుంటే చాలు. పలక పగిలిందని ఇంట్లో చెప్పే పిల్లవాడి దగ్గర్నుంచి అందరూ ఈ పని చేస్తారు. పంపకాలు ‘వచ్చినాయి’, తమ్ముడికి ఏటి పక్కది ‘వచ్చింది’, సంతకాలు ‘అయిపోయినాయి’. బోరు దగ్గర మాత్రం ‘వేయించింది నేనే’. మంచి పనికి కర్త దొరికాడు. ఒక కథలో ఇలాంటి క్రియలు వరసగా కనిపిస్తే పెన్సిలుతో గీసుకోవడం మంచిది. చెప్పేవాడు ఎక్కడ తప్పుకుంటున్నాడో ఆ గీతలే చూపిస్తాయి.

సర్వనామాల సంగతీ అంతే. తమ్ముడు మొదట ‘అబ్బోడు’, తర్వాత ‘వాడు’. అన్న తమ్ముణ్ణి వాడు అనడంలో దగ్గరితనం ఉంది. సంతకాలై, తలెత్తి చూడకుండా వెళ్లిపోయాక ‘ఆయన’ అయిపోయాడు. చిన్నవాడికి పెద్దవాడు హఠాత్తుగా మర్యాద ఇచ్చాడంటే తెలుగు ఇళ్లలో అది మర్యాద కాదని అందరికీ తెలుసు. వెంటనే ‘పని చేస్తున్నాడంట’ అని వచ్చింది. తోడబుట్టినవాడి కబురు మూడో మనిషి నోటినుంచి తెలిసే దాకా వచ్చిందని ఆ ఒక్క ‘అంట’ చెప్పేసింది. మాటలు లేవని ఆయన ఎక్కడా ఒప్పుకోలేదు. పైగా మరుసటి వాక్యంలో పండక్కి ‘ఎన్నిసార్లు’ పిలిచానంటాడు. మాట్లాడుతూ ఉంటే అంట ఎందుకు?

ఈ అట, అంట మీద కాస్త ఆగడం తప్పదు. కళ్లతో చూసినదాన్నీ, చెవిన పడినదాన్నీ తెలుగు ఒక చిన్న అక్షరంతో విడదీస్తుంది. నిజాయితీగా చెప్పేవాడు చూసినదానికి అట వాడడు, విన్నదానికి మానడు. కథకుడు తాను లేని గదిలో జరిగిన మాటలను అట లేకుండా చెబుతున్నాడంటే ఒకటి, ఊహించుకుంటున్నాడు. లేదా, ఆ గదిలో ఉన్నాడు, ఉన్నట్టు ఒప్పుకోవడం లేదు. రెండోది చాలా మంచి కథ అవుతుంది. అలాగే తన కళ్ల ముందు జరిగినదానికి అట తగిలిస్తే బాధ్యత ఊరి మీదికి తోస్తున్నాడని అర్థం.

‘మనం’ కూడా ఊరికే రాలేదు. పండక్కి పిలిచింది ఆయన, ఆయన ఇంటివాళ్లు. అది ‘మేము’ కావాలి. ‘మనం ఎన్నిసార్లు చెప్పినా’ అనడంతో వింటున్నవాళ్లను కూడా తన పక్కకు లాక్కున్నాడు. పాఠకుడు ఏమీ చెయ్యకుండానే తమ్ముణ్ణి పండక్కి పిలిచినవాడైపోయాడు. మేము, మనం తేడా ఉన్న భాషలో రాసేవాళ్లకు ఇది చేతికందిన పనిముట్టు. ఇంగ్లీషులోకి అనువాదమైతే రెండూ ఒకటే మాట అయిపోతాయి, ఈ లాగుడు కనబడకుండా పోతుంది. ఆ అక్షరాలకు ఎంత విలువ ఉందో అనువాదాలు చదివినప్పుడే బాగా తెలుస్తుంది.

ఇంతా చదివి ‘అన్న మోసగాడు’ అని తేల్చేస్తే మాత్రం కథ చేజారిపోయినట్టే. అంకెలనే తీసుకుందాం. ఆశ లేదన్న మనిషికి చెట్ల సంఖ్య ఇంత ఖచ్చితంగా ఎందుకు గుర్తుందని అనుమానం రావడం సహజం. కానీ ఆయన కండక్టరు. ఎక్కినవాళ్లను, దిగినవాళ్లను, చిల్లరను జీవితమంతా లెక్కపెట్టినవాడు. ఏది కనబడినా లెక్కపెట్టడం ఆయన చేతి అలవాటు కావచ్చు, దురాశకు గుర్తే కానక్కర్లేదు. బోరుకు అప్పు చేసింది ఆయనే అయితే బోరు ఉన్న భాగం అడగడంలో కొంత న్యాయం కూడా ఉంది. ఆ న్యాయాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాడు, ఏరంటే ఇష్టం అనే పనికిరాని సాకును మాత్రం ముందుకు తెచ్చాడు. తన దగ్గర ఉన్న మంచి వాదన తనకే చాలినట్టు లేదు. ఇక్కడ ఆయన మీద కోపం కంటే జాలి వస్తుంది, అలా రావాలి కూడా.

పైగా ఏటి పక్కకు పోయి నిలబడమని ఆయన్ని ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆ ‘నిలబడినా’ లేకపోతే ఇదంతా ఒక లోభి కథ అయ్యేది.

ఇలాంటి కథకులందరూ ఒక్క రకం కాదు. విమర్శకుడు జేమ్స్ ఫెలన్ దీన్ని మూడు వైపుల నుంచి చూడమంటాడు: జరిగినదాన్ని తప్పు చెప్పడం, జరిగినదాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం, మంచిచెడ్డలను తప్పుగా తూచడం. ఒక్కోదాంట్లో పూర్తిగా తప్పడమూ ఉంటుంది, తక్కువ చెప్పి ఊరుకోవడమూ ఉంటుంది. కండక్టరు చాలావరకు తక్కువ చెప్పే రకం. అబద్ధాలకోరు కంటే ఇతన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే నిలదీయడానికి తప్పుడు వాక్యం చేతికి దొరకదు.

అసలు అబద్ధమే ఆడని కథకులూ ఈ లెక్కలోకే వస్తారు. 1924లో మొదటి భాగం వచ్చిన ‘బారిస్టర్ పార్వతీశం’లో మొగల్తూరు కుర్రాడు తనకు తెలిసినదంతా ఉన్నదున్నట్టు చెబుతాడు. తెలియనిదేమిటో అతనికి తెలియదు. నవ్వంతా ఆ సందులోంచే పుడుతుంది. చిత్తూరు యాసలో నామిని రాసిన ‘పచ్చ నాకు సాక్షిగా’ కథల్లో పిల్లవాడు ఇంటి కష్టాన్ని తన ఎత్తులోంచి చెబుతాడు. అమ్మ ఎందుకలా ఉందో వాడికి అంతుబట్టని చోట పెద్దవాళ్లకు గొంతు పట్టుకుంటుంది. వాణ్ణి ‘నమ్మలేని’ అనడానికి మనసొప్పదు. బూత్ పెట్టిన పేరు ఇక్కడ సరిపోలేదనే చెప్పాలి. నమ్మలేకపోవడం వేరు, వాడికంటే ఎక్కువ చూడగలగడం వేరు.

తన మనసును తనకే కనబడకుండా దాచుకునే కథకుడి దగ్గర రచయితలు వాడే పనితనం ఇంకొకటి ఉంది. కజువో ఇషిగురో 1989 నాటి ‘ది రిమైన్స్ ఆఫ్ ది డే’ నవలలో స్టీవెన్స్ అనే బట్లర్ కథ చెబుతాడు. ఇంట్లో పెద్ద విందు జరుగుతున్న రాత్రే పైగదిలో తండ్రి పోతాడు. స్టీవెన్స్ తన బాధ గురించి ఒక్క మాట చెప్పడు, అతిథులకు గ్లాసులు నింపుతూ తిరుగుతుంటాడు. అతని యజమాని మాత్రం ఆగి, ఏడుస్తున్నట్టున్నావే అంటాడు. కన్నీళ్లు ఉన్నాయని పాఠకుడికి తెలిసేది ఆ మాట వల్లే. కథకుడు తనకు తెలియకుండానే తన మీద సాక్షిని తెచ్చి నిలబెట్టాడు. ‘నేను’ ఏమన్నాడో దానికంటే, ‘నేను’తో ఎదుటివాళ్లు ఏమన్నారని అతనే చెబుతున్నాడో అది గట్టి సాక్ష్యం. కండక్టరు కథలో ఎదుటివాళ్ల మాట ఒక్కటీ లేదు, గమనించారా? పెద్దమనుషులు ముగ్గురున్నా నోరు విప్పలేదు. కోడి తిన్నారని మాత్రం తెలుసు.

డిటెక్టివ్ నవలల్లో ఈ ఆట బాహాటంగా ఆడతారు. 1926లో అగాథా క్రిస్టీ నవల ఒకటి వచ్చినప్పుడు ఇది పాఠకుణ్ణి మోసం చెయ్యడమేనని గొడవ జరిగింది. పేరు చెబితే ఇంకా చదవనివాళ్లకు అన్యాయం, కాబట్టి వద్దు. అందులో కథకుడు రాసిన వాక్యాలన్నీ నిజమే, ఒక చోట పది నిమిషాలు మాత్రం మింగేశాడు. రెండోసారి చదివితే ఆ పది నిమిషాలు దూకిన చోటు కనబడుతూనే ఉంటుంది. అది మోసమనే వాదన ఇప్పుడు నిలవదు. సాక్ష్యం కాగితం మీదే పెట్టాక, చూడకుండా పోతే అది చదివినవాడి పొరపాటు.

నమ్మలేని కథకుడు అనే పేరు తెలిశాక పాఠకులకు ఇంకో జబ్బు పట్టుకుంటుంది. ఎక్కడ తేడా కనబడినా ‘ఆహా, రచయిత కావాలనే చేశాడు’ అంటారు. ఒక కథలో భర్త ఇలా చెబుతున్నాడనుకుందాం: శ్రీవారి మెట్టు దారిలో నడిచి కొండెక్కాను, గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చున్నాను, మొక్కు తీరింది. తిరుపతివాళ్లెవరైనా ఇక్కడ ఠక్కున ఆగుతారు. గాలిగోపురం ఉన్నది అలిపిరి దారిలో. శ్రీవారి మెట్టు దారి శ్రీనివాస మంగాపురం వైపు నుంచి మొదలవుతుంది, అందులో గాలిగోపురం తగలదు. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550, శ్రీవారి మెట్టులో సుమారు 2,400. రెండూ ఎక్కినవాళ్లకు మోకాళ్లు ఆ తేడా చెబుతాయి. ఇప్పుడు తప్పు ఎవరిది? కొండకు నడిచి రాని రచయితదా, నడవకుండానే నడిచానని భార్యకు చెబుతున్న మొగుడిదా?

ఆ ఒక్క వాక్యంతో తేలదు. పక్కన ఇంకేముందో చూడాలి. ‘కాళ్లు నొప్పి కూడా లేదు, స్వామి దయ’ అన్నాడా? భార్య చొక్కా ఉతకబోయి జేబు తడిమి ఏమీ అనకుండా మడతపెట్టిందా? పిల్లవాడు ‘మెట్లకు పసుపు కుంకుమ పెట్టినావా నాయినా’ అంటే మాట మార్చాడా? అలాంటిది ఇంకొక్కటి దొరికినా అది రచయిత వేసిన మేకు. ఏమీ దొరకకపోతే, గాలిగోపురం దారి తెలియని రచయిత పొరపాటని ఒప్పుకుని ముందుకు పోవడమే మర్యాద. రచయితకు లేని తెలివిని అంటగట్టడం కూడా తప్పు చదవడమే.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మగవాళ్లు చీరలు కట్టి, మొహానికి రంగులు పూసుకుని వీధుల్లో తిరుగుతారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకొకటి. ఎదురుగా వస్తున్నది పక్కింటి అబ్బాయని అందరికీ తెలుసు, అయినా దణ్ణం పెడతారు. ‘వీడు ఫలానావాడు కదా’ అని పెదవి విరిచేవాడికి జాతర లేదు. పక్కింటి అబ్బాయిని పూర్తిగా మర్చిపోయేవాడికి సగం సరదా పోయినట్టే. ఉత్తమ పురుష కథ ముందు కూర్చున్నవాళ్ల పరిస్థితి దాదాపు ఇదే. కండక్టరు చెప్పేది వినాలి, ఆయన బాధ నిజమని ఒప్పుకోవాలి, అదే సమయంలో చీర కింద నిక్కరు కనబడుతూ ఉండాలి.

రెండో పక్షం వస్తే అంతా తేలిపోతుందా అంటే, అదీ అనుమానమే. జపాన్ రచయిత అకుతగవా 1922లో రాసిన ‘ఇన్ ఎ గ్రోవ్’ కథలో ఒకే చావు గురించి ఎంతమంది సాక్ష్యం చెబితే అన్ని రకాలుగా తయారవుతుంది. కురొసావా 1950లో ‘రషోమాన్’ సినిమా తీసింది ప్రధానంగా ఈ కథ ఆధారంగానే. మన తమ్ముణ్ణి బెంగుళూరు నుంచి పిలిపించి కూర్చోబెడితే ఇలా అంటాడేమో:

“మా అన్న గురించి నేను ఎవరి దగ్గరా ఒక్క మాట ఎత్తలేదు. మా రూములో నలుగురికి తెలుసు, సూపర్‌వైజరుకు సెలవు అడిగేటప్పుడు చెప్పాల్సి వచ్చింది, అంతే. నాకు ఏటి పక్క రాసినారు. 90 చెట్లన్నారు. అమ్మ నాకోసరమే ఆ పొద్దు బయట ఎండలో కూర్చునింది. ఇంగ ఆ తోపు నాకెందుకు, కౌలుకు కూడా ఎవరినీ అడగలేదు.”

ఇతనూ తక్కువవాడేమీ కాదు. ఎవరికీ చెప్పలేదంటూ ఐదుగురి లెక్క చెప్పాడు. అన్యాయం జరిగిందని ఊరు వదిలినవాడికి తన చెట్లు ఎన్నో సరిగ్గా తెలియదు. అన్నకు తెలుసు. అమ్మ బయట కూర్చుందని ఇద్దరూ అన్నారు, ఎందుకు కూర్చుందో మాత్రం ఎవరి లెక్క వాళ్లది. ఇద్దరూ కలిసిన చోటు అదొక్కటే కాబట్టి అరుగు మీద ఆవిడ ఉండడం ఖాయం. ఆవిడ మనసులో ఏముందో ఈ ఇద్దరి నోటినుంచి వచ్చేది కాదు, కాబట్టి దాన్ని పాఠకుడు కూడా పూరించకుండా వదిలెయ్యాలి.

ఇక ఏటి పక్క 88లో 81 పోగా మిగిలిన ఏడు చెట్లు. నీళ్లు లేక ఎండిపోతే ఎవరో కట్టెలకు కొట్టుకుపోయి ఉండొచ్చు. గాలికి పడి ఉండొచ్చు. మండీ నుంచి వచ్చే దారిలో ఆగిన మనిషే ఎప్పుడో అమ్మి ఉండొచ్చు కూడా. చెట్లు ఏమైనాయని ఆయన చెప్పలేదు, ఎండినాయని కూడా అనలేదు, సంఖ్య చెప్పి ఊరుకున్నాడు. ఎన్ని ఉండాలో తమ్ముడికి తెలియదు, వాడికి చెప్పినవి 90. ఏడు తగ్గినాయని తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.